ఎల్లకు అటూ ఇటూ కొలిచిన ఇళ్లు

మా అన్న ఇల్లు తమిళ ఇల్లా, తెలుగు ఇల్లా అని ఎవరైనా అడిగితే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. కొన్నేళ్ల కిందటైతే అడిగినవాణ్ని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, వాడు చెప్పులు వెతుక్కునేదాకా చెప్పేవాణ్ని. అలా చెప్తూ ఏదో పెద్ద పని చేస్తున్నానని నమ్మాను. ఆ నమ్మకం వల్ల నష్టపోయింది నేను కాదు, మా అన్న. ఈ చిరాకంతా అందుకే.

మాది తిరుత్తణికి పడమరగా ఉన్న ఒక చేనేత పేట. మా నాయన పుట్టినప్పుడు అది చిత్తూరు జిల్లా. ఆయనకు మీసాలు వచ్చేనాటికి తమిళనాడు. ఇల్లు మాత్రం ఉన్నచోటనే ఉంది. మా అమ్మ పుట్టిల్లు నగరి పక్కన, బస్సులో ముప్పావు గంట. మధ్యలో ఎల్ల ఉందని ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. సంచి చంకన పెట్టుకుని "మా యింటికి పోయొస్తా" అనేది, అంతే. రెండు వైపులా మావాళ్లే, రెండు వైపులా మగ్గాలే. మా అన్న పదహారేళ్లకే మగ్గంలో కూర్చున్నాడు, ఈనాటికీ నేస్తూనే ఉన్నాడు. నేను డ్రాయింగు నేర్చుకుని చెన్నై అవతల కాట్టుపల్లి వైపు కాంట్రాక్టు పనిలో చేరాను. వారమంతా పైపులూ ఇనుప మెట్లూ గీస్తాను. ఆదివారం ఊరికొస్తాను.

ఈ పిచ్చి నాకు ఒక పెళ్లిలో పట్టుకుంది. నగరి మేనమామ, మా అమ్మ తమ్ముడు, బంతిలో నా పక్కన కూర్చుని ఎగతాళి మొదలుపెట్టాడు. "మీవి అరవోళ్ల ఇండ్లప్పా. నడిమింట్లో పైకప్పు లేని తొట్టి పెట్టుకోని, వాన పడితే ఇంట్లోనే గొడుగు పట్టుకోని తిరగతారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మరుసటి వారమే పనిచోట ఒక తమిళ స్నేహితుడు మా వీధి ఫోటో చూసి, ఇది మా ఇల్లులాగా లేదే, ఆంధ్రా ఇల్లులాగా ఉందే అన్నాడు. అటువాళ్లు ఇటుదంటారు, ఇటువాళ్లు అటుదంటారు. తేల్చేద్దామనుకున్నాను. ఒక టేపు, ఒక లాంగు నోటుబుక్కు కొని బండెక్కాను.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు తగలేశానో మా ఆవిడను అడగాలి. నగరి, పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం, పిచ్చాటూరు. ఇటువైపు పళ్లిపట్టు, ఊత్తుకోట, వెంగల్, ఆరణి. పాత ఇల్లు కనపడితే చాలు, బండి ఆపి టేపు తీసేవాణ్ని. టేపు చూడగానే తలుపులు మూసేసేవాళ్లు. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన ఆఫీసరు అనుకునేవాళ్లు. నేనూ మీవాణ్నే, మా అమ్మది నగరి అని తెలుగులో మొదలుపెడితే ఇంకా అనుమానం. వెంగల్‌లో ఒక రైతు ఎంతో ఆదరంగా లోపలికి పిలిచి, వడ్లు ఎండబోసుకునే వాళ్ల తాతల నాటి తొట్టి చూపించాడు. పైన ప్లాస్టిక్ రేకు వేసి, కింద టైల్స్ పరిచి, మధ్యలో టీవీ పెట్టారు. "నీట్‌గా ఉండాది కదా సార్?" అన్నాడు. ఉందన్నాను. ఏం చెప్పను? ఆరణిలో ఒకాయన తన ఇంటి ముందరి చెక్క స్తంభాల గురించి ఫోనులో గంటసేపు చెప్పి రమ్మన్నాడు. నేను పోయేసరికి స్తంభాలు ట్రాక్టరులో ఉన్నాయి. రావడం ఆలస్యం చేసినావు తమ్ముడా అని నన్నే తప్పుపట్టాడు.

అయినా కొంత తేలింది. పుత్తూరు దాటి పడమరకు పోయేకొద్దీ వాన తగ్గుతుంది, పెంకుటిళ్లు తగ్గుతాయి, మట్టీ సున్నమూ పరిచిన మిద్దెలు పెరుగుతాయి. తిరువళ్లూరు వైపు వచ్చేకొద్దీ వాలు పెంకులు, తాటి దూలాలు, లోపల తొట్టి. నగరి కొండల్లో రాయి దండిగా దొరుకుతుంది కాబట్టి అక్కడ ఇంటి ముందరి తిన్నె స్తంభాలు రాతివి. ఇక్కడ చెక్కవి. అక్కడ వాకిలికి ఒక పక్కనే తిన్నె, ఇక్కడ రెండు పక్కలా. ఇవన్నీ వానకూ రాయికీ చెట్టుకూ సంబంధించిన తేడాలే గాని, భాషకు సంబంధించినవి కావు. ఈ మాట కనిపెట్టినందుకు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో! నోటుబుక్కులో చివరి పేజీలు వేరే పనికి ఉంచాను. పాత ఇళ్లలో నాకు నచ్చనివన్నీ, కొత్తగా కడితే దిద్దవలసినవన్నీ అక్కడ రాసేవాణ్ని. చిన్న కిటికీలు, తల తగిలే వాకిళ్లు, పొగచూరే వంటిళ్లు, చెమ్మ నేలలు.

ఒక కార్తీకంలో వాన వదలకుండా పట్టుకుంది. పేటలోని మా పాత ఇంటి వెనక గోడ కూలి వంటింటి మీద పడింది. అన్నా వదినా ముందు గదిలో ఉన్నారు కాబట్టి బతికిపోయారు. నేను పరిగెత్తుకుని వచ్చాను. చూస్తే మిగతా గోడలూ ఉబ్బిపోయి ఉన్నాయి. అతుకులు వేసి లాభం లేదు, కూలగొట్టి మళ్లీ కట్టాల్సిందే అన్నాను. నిజం చెప్పాలంటే బాధతో పాటు కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇన్నాళ్లూ కొలిచిన ఇళ్లన్నిటిలోని మంచినంతా పోగుచేసి ఒక ఇల్లు కట్టే వేళ వచ్చిందనుకున్నాను. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ప్లాను నేనే గీశాను. ఇటువైపు తొట్టి, అటువైపు రాతి స్తంభాల తిన్నె, పెద్ద కిటికీలు, తల తగలని వాకిళ్లు. మళ్లీ వాన నీళ్లు గోడ పాదాలు తినేయకుండా మూడడుగుల బేస్‌మట్టం. దాన్ని క్రషర్ పొడితో నింపి గట్టిగా దిమ్మిస చేయించాలి. పైన కాంక్రీటు, ఆ పైన టైల్స్. ప్లాను కాగితం చాపమీద పరిచి అన్నకు చూపించాను. అన్న తక్కువ మాటల మనిషి. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి ఒకటే అడిగాడు.

"తరి యాడ పెట్టేది?"

తరి అంటే మగ్గం. మా పేటలో అందరూ అట్లే అంటారు. ముందు గది చూపించాను. "ఇదో, ఇక్కడన్నా. కిటికీ చూడు ఎంత పెద్దదో. కాళ్లు పెట్టుకునే గుంట కూడా వదిలినా, లోపలంతా సిమెంటు పూయిస్తా. ఇంక మట్టి రాలేది లేదు, తేళ్లు లేవు."

"సిమెంటా?" అన్నాడు అన్న.

"గట్టిగా ఉంటుంది."

అన్న కాగితం నా చేతికిచ్చాడు. "సరి, నీకు తెల్సుగదా. నాలుగూళ్లు చూసినోడివి" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. మా అన్న నన్ను నిజంగానే నమ్మాడు. నన్ను ఇప్పటికీ కాల్చేది అదే.

పని మొదలయ్యాక మేస్త్రీలు నా తలకాయ తిన్నారు. ఇటుక పనికి ఇక్కడి తమిళ మేస్త్రీ, రాతి పనికి నగరి మేస్త్రీ. ఇటాయనకు మనైయడి శాస్త్రం, గది లోపలి కొలత ఇన్ని అడుగులుంటే మంచిది, ఇన్ని ఉంటే చెడ్డది అని లెక్క. అటాయనకు ఆయం, యజమాని పేరు మీద కట్టే లెక్క. ముందు గది వెడల్పు పన్నెండడుగులని నేను గీస్తే ఇటాయన చెవులు మూసుకున్నాడు.

"పన్నెండు ఆగాదు సార్. పదకొండు వెయ్యండి, లేకుంటే పదహారు."

"మీ శాస్త్రం మీ కాడనే పెట్టుకోండప్పా" అని నగరి మేస్త్రీ లేచాడు. "ఇంటి పెద్దాయన పేరుకు పదకొండు వస్తాదా? ఆయం కట్టకుండా గోడ లేపేది యాడన్నా ఉండాదా?"

మూడు రోజులు పని ఆగిపోయింది. ఇద్దరూ ఎదురిళ్లవాళ్ల తిన్నెలు చెరొకటి ఎక్కి బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. నేను ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి విసిగిపోయాను. చివరికి పదహారే ఖాయం చేసి, అది ఇద్దరి లెక్కకూ సరిపోయేట్టు ఏదో మాయ చేశాం. ఎన్ని అడుగులు మంచిదో అని అంతమందిమి అన్ని రోజులు కొట్టుకున్నాం. ఆ మూడు రోజులూ అన్న పక్కింటివాళ్ల వసారాలో తన మగ్గం కర్రలు తుడుచుకుంటూ ఉన్నాడు. ఒక్కరం కూడా పోయి ఆయన్ని అడగలేదు.

శ్రావణంలో గృహప్రవేశం. నగరి మామ వచ్చి రాతి తిన్నె మీద కూర్చుని "ఇది మా ఇల్లే" అన్నాడు. నా తమిళ స్నేహితుడు తొట్టి దగ్గర నిలబడి ఇది మాదన్నాడు. నేను మీసం మెలేశాను. ఆ వెంటనే వానాకాలం. గాలిలో తేమ ఉంది కాబట్టి మగ్గం బాగానే ఆడింది. వదిన కండెలు చుడుతూ, గది వెలుతురుగా ఉందని, కళ్లు నొయ్యడం లేదని చెప్పింది. నాకింకా గర్వం ఎక్కువైంది.

శివరాత్రి వచ్చే మాశి నెలలో ఎండలు మొదలయ్యాయి. ఒక శనివారం రాత్రి ఊరికొచ్చి, తెల్లారి లేచేసరికి ముందు గదిలో మగ్గం చప్పుడు తెగి తెగి వినపడింది. నాలుగు పోట్లు, ఆగడం. మూడు పోట్లు, ఆగడం. పోయి చూస్తే అన్న పడుగు మీదికి వంగి తెగిన పోగు ముడేస్తున్నాడు. ముడేసి, పేక దారం నాడె విసిరి, మళ్లీ ఆపాడు. ఇంకో పోగు తెగింది. నూలు మంచిది కాదేమోనన్నాను. అన్న తెగిన కొనలు వెతుక్కుంటున్నాడు. వదినే చెప్పింది, నూలు మార్చి రెండు వారాలైందని, అప్పుడూ ఇదే కథని.

ఎండ ముదిరేకొద్దీ పోగులు వెంట్రుకల్లాగా పెళుసై పుటుక్కుమనేవి. గోనెపట్టాలు తడిపి కిటికీకి కట్టారు. టైల్స్ మీద నీళ్లు చల్లారు. ఆ నీళ్లు అర్ధగంటలో ఆరిపోయేవి, ఆరేలోపల వదిన రెండుసార్లు జారింది. సిమెంటు గుంటలో బిందెతో నీళ్లు పోస్తే అన్న కాళ్లు నీళ్లలో నాని పాసిపోయాయి. నెలకు నేసేది సగమైంది. నేసినదాంట్లో కూడా ముళ్లు కనిపిస్తున్నాయని నూలిచ్చే ఆయన మొహం చిట్లించాడు. అన్న గొణగలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వేసవిలోనే నగరి మామ మళ్లీ వచ్చాడు. ఆయనా నేతగాడే. వీధిలోంచి తిన్నె ఎక్కి, తిన్నె మీంచి మగ్గం గదిలోకి ఇంకొక మెట్టు ఎక్కబోయి, గడప మీదే ఆగిపోయాడు. కిందికి చూశాడు, అన్నను చూశాడు, నన్ను చూశాడు.

"తరిని మెట్టెక్కించినారేందప్పా! తరి కాడికి మెట్టు దిగల్ల గదా!"

నేను ఏదో చెప్పబోయాను. వాన నీళ్లు, గోడ పాదాలు, బేస్‌మట్టం. మామ చెయ్యడ్డం పెట్టాడు. "నూలుకు నేల ఊపిరి తగలల్ల. రాతిపొడి మీద కూకోబెడితే అది యాడ బతికేది?" అన్నాడు. తర్వాత తన తప్పేమీ లేకపోయినా తప్పు చేసినవాడిలాగా, "గృహప్రవేశం నాడు నేనన్నా చూడల్సింది. తిన్నె చూసుకోని మురిసిపోతిని" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నోటుబుక్కు తీశాను. చివరి పేజీలు తిప్పాను. నా అక్షరాలే. నారాయణవనంలో నేతగాళ్ల ఇల్లు: మగ్గం గది నేల వీధికంటే ఒక మెట్టు కిందికి, చెమ్మ, ఎత్తు చేయాలి. పళ్లిపట్టులో నేతగాళ్ల ఇల్లు: అదే లోపం. పుత్తూరు: అదే లోపం. మా పక్క వీధి: అదే. కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, నేతగాళ్లకు నేల పని సరిగా రాదు అని ఒక తీర్పు కూడా రాసి ఉంది. పెంకులు మారాయి, స్తంభాలు మారాయి, తిన్నెలు మారాయి. ఎల్లకు ఇటూ అటూ ఏ ఒక్కచోటా మారనిది ఆ దిగుడు మెట్టు ఒక్కటే. ఏళ్ల తరబడి నేను వెతుకుతున్న జవాబు అదే. దాన్ని నేనే తప్పుల పట్టీలో రాసుకున్నాను, తీసుకొచ్చి అన్న ఇంట్లో దిద్దాను. కూలగొట్టిన మా పాత ఇల్లు కూడా అట్లాగే ఉండేది. చిన్నప్పుడు రోజూ దిగిన మెట్టు అది. కొలిచిన ఇళ్లలో దాన్ని చూస్తూ కూడా నాకు మా ఇల్లు గుర్తుకు రాలేదు. ఇంతటి మూర్ఖత్వానికి ఏ మేస్త్రీని తిట్టను?

మరుసటి నెలలోనే అన్న మగ్గం విప్పేశాడు. మామ ఇంట్లో ఒక పాత గుంట ఖాళీగా ఉంది. పొద్దున ఏడు గంటల బస్సుకు నగరికి పోయి అక్కడ నేసి, చీకటి పడ్డాక తిరిగి వస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తన ఇంట్లో పదహారడుగుల గది, అంత పెద్ద కిటికీ పెట్టుకుని, ఎల్ల దాటి పోయి ఇంకొకరింటి మట్టి నేలలో కూర్చుంటున్నాడు. కండెలు చుట్టే వదిన పని కూడా సగం పోయింది. చుట్టినవి సంచిలో వేసి పంపుతుంది. ముందు గదిలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి.

ఇంటికి మాత్రం పేరొచ్చింది. చెన్నై నుంచి ఇళ్ల నిర్మాణం చదివే పిల్లలు కారు వేసుకుని వస్తారు. తొట్టిలో నిలబడి, స్తంభాలను కౌగిలించుకుని ఫోటోలు తీసుకుంటారు. రెండు ప్రాంతాల సంప్రదాయం ఒకచోట కలిసిందని రాసుకుంటారు. పోయిన నెలలో ఒక అమ్మాయి, ఇంత అందమైన వీవర్స్ హౌస్ చూడలేదు అంకుల్, మగ్గం ఏది అని అడిగింది. నేను ప్లాస్టిక్ కుర్చీల వైపు చూశాను. వదిన పక్కనే ఉంది.

"తరి నగరిలో ఉండాదమ్మా" అంది. "ఇల్లు బాగుండాది. మాకే పనికి రాలేదు."

వదిన కోపంగా అనలేదు. నీళ్లు కావాలా అని అడిగినంత మామూలుగా అంది. ఆ పిల్లకు అర్థం కాక నవ్వింది. నేను లోపలికి పోయి కూర్చున్నాను.

ఇంక నేను తట్టుకోలేకపోయాను. పోయిన ఆదివారం తెల్లారేసరికి ఇద్దరు మనుషుల్ని, గునపాలను సిద్ధం చేసుకుని వచ్చాను. టైల్స్ పగలగొట్టిస్తాను, కాంక్రీటు తవ్విస్తాను, రాతిపొడంతా తోడి పోయించి చెరువు మట్టి నింపిస్తాను, వీధికంటే ఒక మెట్టు కిందికి దించుతాను. కొత్త డ్రాయింగు కూడా గీసుకొచ్చాను. అన్న అప్పుడే స్నానం చేసి బస్సుకు బయలుదేరుతున్నాడు. కాగితం చూపించబోతే చూడలేదు.

"ఇంక ఇంటిమీద చెయ్యి పెట్టద్దురా" అన్నాడు.

"అన్నా, తప్పు నాది. నేనే దిద్దుతా. మట్టి తెప్పిస్తా, గుంట తవ్విస్తా, లోతు చెప్పు. అన్నీ మళ్లీ కొలిచి..."

"కొలిచేది చాలు."

వదిన తెచ్చిన అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంటూ, నా మొహం చూడకుండా అడిగాడు. "ఎన్నిండ్లు చూసినావు తమ్ముడా? అటు చూసినావు, ఇటు చూసినావు. ఒక్క పొద్దన్నా నా పక్కన కూకోని నేను నేసేది చూసినావా?"

నన్ను బడికి పంపిన నాడే మా నాయన, చదువుకునేవాడు మగ్గం గుంటలో కాలు పెట్టగూడదని ఆంక్ష పెట్టాడు. మా పేటలో అందరూ పెట్టేవాళ్లు. అది చెబుదామని నోరు తెరిచాను. కాలు పెట్టొద్దన్నారు గాని, కూర్చుని చూడొద్దని ఎవరూ అనలేదు.

"లేదన్నా" అన్నాను.

అన్న తలూపాడు. గునపాలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపించమని వదినకు చెప్పి, చెప్పులేసుకుని బస్సుకు పోయాడు.